సింగ్‌నగర్ మైకు బాబాయి పోయారు. తెలిసినవాళ్లు ఇక్కడ రాయండి

బెజవాడ_బుల్లోడు | సోమవారం, రాత్రి 9:12

సింగ్‌నగర్ మైకు సెట్టు బాబాయి నిన్న తెల్లవారుజామున పోయారు. నిద్రలోనే. 78 ఏళ్లు. వయసు అడిగినవాళ్లకి ఈ ఏడాదంతా "ప్లేటు స్పీడు వచ్చేసిందిరా, ఇక తిరగడమే" అని చెబుతూ వచ్చారు. పాత గ్రామఫోను ప్లేటు తిరిగేదీ నిమిషానికి 78 సార్లే కదా. మేం నవ్వి ఊరుకున్నాం.

ఈ వేదికలో పాత రికార్డుల పిచ్చి ఉన్నవాళ్లలో సగం మందికి అది అంటించింది ఆయనే, అందుకని ఇక్కడ రాస్తున్నా. పేరు రాయను. రాసినా ఎవరికీ తెలీదు, పోస్టుమాన్‌తో సహా. "మైకు బాబాయి" అంటే మాత్రం ఆటోవాడు నేరుగా గుమ్మం ముందు దింపేవాడు.

నాకు గుర్తున్నది ఒకటి చెప్పి మిగతాది మీకు వదిలేస్తా. 1989లో మా అక్క పెళ్లికి మైకు కట్టడానికి వచ్చారు. తెల్లారగట్ల నాలుగింటికి పందిరి గుంజకి గొట్టం బిగించి, షేక్ చినమౌలానా గారి నాదస్వరం పెట్టారు. మా నాన్న లుంగీ సర్దుకుంటూ వచ్చి "అందరూ పడుకున్నారు కదండీ, కాస్త ఆగండి" అంటే, "పెళ్లివారు లేవకపోయినా వీధి లేవాలండీ" అన్నారాయన. సౌండు మాత్రం తగ్గించలేదు. నాకప్పుడు పదకొండేళ్లు. అప్పట్నుంచీ ఆ పాటల పెట్టె పక్కనే కూచున్నాను. పొద్దున పీట మీద అక్క ఎప్పుడు కూచుందో కూడా చూడలేదు, ఇంట్లో తిట్లు తిన్నాను.

మీకు తెలిసింది రాయండి. ఆయన ప్లేట్లు ఏం చెయ్యాలి, ఆయన కుక్కలు ఎక్కడ ఉండాలి అనేది కూడా తేల్చాలి. అది తరవాత.


సూది_డబ్బా | సోమవారం, రాత్రి 9:48

అయ్యో బాబాయ్. పది రోజుల కిందటే ఫోన్ చేసి "నీ దగ్గర గ్రామఫోను స్టీలు సూదులున్నాయా, ఒక్క డబ్బా పంపు, పైకి పోయేలోపు తిరిగిస్తా" అన్నారు. పంపలేదు. ఇక్కడే బల్ల మీద ఉంది.

షాపులో బీరువా మీద పింగాణీ కుక్క ఒకటి ఉండేది, ఓ చెవి విరిగింది. గుర్తుందా ఎవరికైనా? "మా ఇలవేల్పు" అనేవారు. కుక్క బొమ్మ ప్లేటు (హెచ్‌ఎంవీ రికార్డు, దాని మీద గ్రామఫోను గొట్టం ముందు కూచున్న కుక్క ఉంటుంది) కథ ఆయన నోట వినకుండా ఆ షాపులోంచి బయటపడ్డ కుర్రాడు లేడు. తెలియనివాళ్ల కోసం రాస్తున్నా, ఆయన చెప్పినట్టే.

ఇంగ్లండులో బ్రిస్టల్ అనే ఊళ్లో మార్క్ బరాడ్ అని నాటకాల తెరలు గీసేవాడు ఒకడున్నాడు. వాడి కుక్క నిప్పర్. 1887లో యజమాని పోతే కుక్క తమ్ముడి దగ్గరికి చేరింది. తమ్ముడి పేరు ఫ్రాన్సిస్, వాడూ చిత్రకారుడే. ఫోనోగ్రాఫు మోగితే ఆ కుక్క గొట్టంలోకి తొంగి చూస్తూ తల పక్కకి వంచేదట. 1895లో కుక్క కూడా పోయింది. ఆ తరవాత మూడేళ్లకి వాడు ఆ చూపుని గుర్తు తెచ్చుకుని బొమ్మ గీశాడు. ఎవరూ కొనలేదు. గొట్టం నల్లగా ఉంది, ఇత్తడిదైతే కళగా ఉంటుందని ఒకటి అరువడగడానికి గ్రామఫోను కంపెనీకి వెళ్తే, అక్కడి మేనేజరు "గొట్టమేం ఖర్మ, మిషనే మాది గీయి, బొమ్మ మేం కొంటాం" అన్నాడు. 1899లో పాత మిషను మీదే రంగు పూసి కొత్త మిషను గీసిచ్చాడు. దగ్గరికెళ్లి చూస్తే కింద పాతది ఇప్పటికీ లీలగా కనిపిస్తుందట.

ఇక్కడిదాకా ఎవరైనా చెబుతారు. బాబాయి ఇక్కడ ఆగి, బీడీ వెలిగించి, అప్పుడు అసలు సంగతి చెప్పేవారు. "ఒరే, పాత మిషనులో మైనపు సిలిండరు ఉంటుంది. దాని మీద ఇంట్లోనే మన గొంతు పట్టుకోవచ్చు. కుక్క విన్నది నిజంగా వాళ్లయ్య గొంతే అయ్యుండొచ్చు. కొత్తదాంట్లో ఆ వీలు లేదు, కంపెనీ అచ్చేసిన ప్లేటు పెడితే మోగుతుందంతే. అంటే బొమ్మలో అది వినేది ఎవడో పాటగాడి గొంతు. మిషను మార్చారు, కుక్కకి చెప్పలేదు. వందేళ్ల పైన అయింది, ఇంకా పాపం అయ్య వస్తాడనే చూస్తోంది."


డల్లాస్_ఆంధ్రుడు | మంగళవారం, ఉదయం 6:05

ఓం శాంతి. ఆ కుక్క కూచున్నది యజమాని శవపేటిక మీద అని విన్నాను. అది బాబాయి గారు చెప్పలేదా?


సూది_డబ్బా | మంగళవారం, ఉదయం 7:30

చెప్పారు, అది ఉత్త పుకారని చెప్పారు. మెరిసే చెక్క బల్ల చూసి జనం అల్లిన కథ. ఆ మాట షాపులో అంటే ఆయనకి చిర్రెత్తుకొచ్చేది. "ఏడవడానికి ఉన్నది చాలదా, పెట్టె కూడా ఎందుకు?" అనేవారు.


ఖమ్మం_చిన్నోడు | మంగళవారం, ఉదయం 10:17

నేను ఆయన దగ్గర ఆరేండ్లు పనిచేసిన. 1994ల బెజవాడ వచ్చినప్పుడు నా చేతిల ఒక సంచి తప్ప ఏం లేదు. బస్టాండుల పడుకున్నోణ్ని. ఒక రోజు ఆయన యాంప్లిఫయర్ మోసుకపోతుంటె సాయం పట్టిన. "ఎవరబ్బాయివి" అని అడగలే. "అన్నం తిన్నవా" అన్నడు. గంతే, ఉండిపోయిన.

ఆయన కుక్కలకు పెట్టిన పేర్లు మీరెవరూ రాయలే. నా టైముల ఉన్నయి ఇవి: ఫ్యూజు (ఊకె కొట్టుకపోయేది, కోపమెక్కువ), వాల్వు (పాత రేడియో వాల్వు లెక్క వేడెక్కినంక గాని లెవ్వదు), పిన్ను, ఇంకోటి నిప్పర్. ఆ నిప్పర్‌ను గల్లీల పిల్లలందరు "నిప్పు, నిప్పు" అని పిలిచెటోళ్లు. ఒకపాలి రాత్రి ఆయన దాని కోసం "నిప్పూ, నిప్పూ" అని గట్టిగ ఒర్రుతుంటె పక్కింటోళ్లు బిందెలు పట్టుకొని ఉరికొచ్చిన్రు.

గొట్టం యూనిట్ల డయాఫ్రం (అదిరే పల్చటి పొర) మార్చుడు, వైరు అతుకుడు, గొట్టం ఏ దిక్కు తిప్పితె ఊరంత వినబడ్తదో అన్నీ ఆయన్నే నేర్పిండు. నేర్పినంక ఇంకో మాట చెప్పిండు: "గొట్టం ఆసుపత్రి దిక్కు తిప్పకు, బడి దిక్కు తిప్పకు, పచ్చి బాలింత ఉన్న ఇంటి దిక్కు అసలే తిప్పకు." పందిరి కట్టే ముందు ఆ గల్లీల బాలింత ఉన్నదా అని అడిగొచ్చే పని నాది. ఇప్పుడు నాకు ఖమ్మంల సొంత సౌండు సర్వీసు ఉన్నది, డీజే బాక్సులే నడుస్తున్నయి, ఆ మాట ఎవనికి చెప్తం?


పాయకాపురం_పద్మ | మంగళవారం, మధ్యాహ్నం 2:41

పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. కానీ ఇక్కడ రాస్తున్నది చూస్తే ఒక మాట చెప్పకుండా ఉండలేకపోతున్నా. ఆయన ఇంట్లో నాలుగు కుక్కలు సరే. వీధిలో ఇంకో పదిహేనింటికి రాత్రిపూట అన్నం పెట్టేవారు. 2016లో మా బాబు ట్యూషన్ నుంచి వస్తుంటే వాటిలో ఒకటి పిక్క పట్టుకుంది. వాడికి అప్పుడు ఎనిమిదేళ్లు. ఇప్పటికీ కుక్క కనిపిస్తే రోడ్డు దాటతాడు. అన్నం పెట్టినవాళ్లు దేవుళ్లు, కరిపించుకున్నవాళ్లు ఎవరు?


కృష్ణలంక_కుర్రాడు | మంగళవారం, మధ్యాహ్నం 3:02

చావు దగ్గర ఇదా మాట్లాడేది మేడమ్? టైము చూసుకోరా?


బెజవాడ_బుల్లోడు | మంగళవారం, మధ్యాహ్నం 3:20

కుర్రాడూ, ఆగు. ఆవిడ అడగొచ్చు. బాబాయి ఉంటే ఆవిడ పక్కనే కుర్చీ వేసుకుని కూచునేవారు.

పద్మ గారూ, ఆ సాయంత్రం నేను షాపులోనే ఉన్నా. మీవాణ్ణి ఎవరో ఎత్తుకొచ్చారు. మీ అత్తగారనుకుంటా, ఒకావిడ కారం, సున్నం పట్టుకొచ్చి గాయానికి పెట్టబోయింది. బాబాయి ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. పెద్దావిడ చెయ్యి అలా పట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు. కుళాయి కింద కాలు పెట్టి, బట్టల సబ్బుతో, గోడ గడియారం చూస్తూ పదిహేను నిమిషాలు కడిగారు. తరవాత ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లారు. మిగతాది మీకే తెలుసు.


పాయకాపురం_పద్మ | మంగళవారం, సాయంత్రం 5:55

తెలుసు. మా ఆయన అప్పుడు దుబాయ్‌లో ఉన్నారు. మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు, నాలుగుసార్లూ ఆయనే బండి మీద తీసుకెళ్లారు. వాడు సూదికి ఏడిస్తే చొక్కా పైకెత్తి పొట్ట చూపించి, "నీకు చేతికిరా, నాకు తొమ్మిదో ఏట బొడ్డు చుట్టూ పద్నాలుగు పొడిచారు, చూడు" అన్నారట. అప్పట్లో అలాగే ఉండేదని మా మావగారూ చెప్పారు.

ఆయన మంచివారు కాదని నేననలేదు. నాకు కోపం ఆయన మీద కూడా కాదేమో. కానీ కోపం ఉంది. అది కూడా ఇక్కడ రాసి ఉండాలనిపించింది.


గడ్డి_డాక్టరమ్మ | మంగళవారం, రాత్రి 8:30

నేను పశువైద్యురాలిని. ఆ వాడలో కొన్నేళ్లు పనిచేశాను. పద్మ గారి మాటకి అడ్డం చెప్పడానికి కాదు, ఆ కాటు తరవాత జరిగింది చెప్పడానికి రాస్తున్నా.

అంతకుముందు ఆయన కూడా అందరిలాగే అన్నం పెట్టి వదిలేసేవారు. ఆ కాటు తరవాత నా దగ్గరికొచ్చి "తప్పు నాదేనమ్మా, ఏం చెయ్యాలో చెప్పు" అన్నారు. అన్నం ఒకచోటే, ఒకే టైముకి, పిల్లలు తిరగని వేళ పెట్టమన్నాను. అలాగే చేశారు, రైల్వే గోడ వైపుకి మార్చారు. ప్రతి ఏడూ సెప్టెంబరు 28న, ప్రపంచ రేబిస్ దినం నాడు, ఉచితంగా టీకాలు వేస్తారు కదా. ఆ రోజు రిక్షా మాట్లాడుకుని, పాత మైకు వైరుతో మెడకి కట్టి, రెండేసి, మూడేసి చొప్పున తెచ్చేవారు. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాకా ట్రిప్పులు. ఆ వైర్లు చూసి మా కాంపౌండరు "కరెంటు కనెక్షనా బాబాయ్" అని ఏడిపించేవాడు. ఆ చుట్టుపక్కల చాలా కుక్కలకి చెవి కొస కత్తిరించి ఉంటుంది, చూడండి. పిల్లలు పుట్టకుండా ఆపరేషను అయిందనడానికి అదే గుర్తు. వాటిని పట్టి ఇవ్వడం, మళ్లీ తెచ్చి అదే వీధిలో వదలడం, రెండూ ఆయన పనే.

దీపావళి రాత్రి మాత్రం ఎవరొచ్చినా తలుపు తీసేవారు కాదు. కుక్కలన్నిటినీ లోపల గదిలో పెట్టుకుని, టపాకాయల చప్పుడు వినపడకుండా వీణ పెట్టుకుని కూచునేవారు. వీణకి టపాకాయ ఆగుతుందా? ఆగదని ఆయనకీ తెలుసు. "నేను గదిలో ఉన్నానని వాటికి తెలిస్తే చాలమ్మా" అనేవారు.


రేడియో_రాజు | మంగళవారం, రాత్రి 11:15

స్నేహం సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? సాయంత్రం ఆరింటికి ఆ షాపు ముందు బల్ల మీద కూచునేవాళ్ల లెక్క తీయండి. రిటైరైన ఆర్టీసీ కండక్టరు, టైలరింగ్ షాపు మస్తాన్ మామ (ఇది మేం పెట్టిన పేరు), చర్చిలో హార్మోనియం వాయించే మాస్టారు, అప్పుడప్పుడూ నేను. రాజకీయాలు ఎత్తితే టీ డబ్బులు ఎత్తినవాడే కట్టాలని రూలు. ఎన్నికల టైములో టీకొట్టు వాడికి పండగ.

మా వయసువాళ్లకి మధ్యాహ్నం సిలోన్ రేడియోలో అనౌన్సరు మీనాక్షి పొన్నుదురై గొంతు వినకపోతే అన్నం అరిగేది కాదు. బాబాయి ఆవిడలాగా మాట్లాడేవాడు, అచ్చుగుద్దినట్టు. "ఈ పాట కోరినవారు..." అంటూ మా పేర్లన్నీ చదివి, చివర "ఫ్యూజు, వాల్వు మరియు వారి మిత్రబృందం" అని ముగించేవాడు. నాకు అప్పిచ్చిన సంగతి, అడగని సంగతి రాయను. రాస్తే అలాంటివాళ్లు ఇంకో నలభై మంది తేలతారు, తీర్చనివాళ్లెవరో బయటపడుతుంది.

ఇంకోటి. ఘంటసాల గారంటే ప్రాణం. 1974 ఫిబ్రవరిలో ఆయన పోయిన రోజున షాపు మూసేశాడు, అప్పటికి తను ఇంకా పాతికేళ్లు దాటిన కుర్రాడు. కానీ ఘంటసాల భగవద్గీతని శవయాత్ర బండి మీద పెట్టడం చూస్తే మండిపడేవాడు. "లేచి యుద్ధం చెయ్యరా అని చెప్పిన పుస్తకం అది. పడుకున్నవాడికి వినిపించి ఏం లాభం? ఇప్పుడు ఆ గొంతు ఎక్కడ వినపడ్డా ఎవరు పోయారని అడుగుతున్నారు జనం. అంత గొప్ప గొంతుకి ఈ గతి పట్టించారు" అని. తనకి మాత్రం పెట్టొద్దని మా అందరి దగ్గరా ఒట్టు వేయించుకున్నాడు.

మరి ఆదివారం బండి వచ్చేసరికి అదే మోగుతోంది! డ్రైవరుకి చెబితే "అన్నిటికీ ఇదేనండీ, పెన్ డ్రైవులో ఇంకోటి లేదు" అన్నాడు. అప్పుడు ఖమ్మం నుంచి వచ్చిన కుర్రాడు లోపలికెళ్లి పాత గొట్టం ఒకటి, బ్యాటరీ తెచ్చి బండికి కట్టాడు. చినమౌలానా నాదస్వరం. సింగ్‌నగర్ నుంచి శ్మశానం దాకా అదే. దారిలో ఒక ముసలామె గేటు తీసి "పెళ్లెవరిది నాయనా" అని అడిగింది. మస్తాన్ మామ "మైకు బాబాయిదమ్మా" అన్నాడు, ఇంకేం చెప్పాలో తోచక.


ఖమ్మం_చిన్నోడు | బుధవారం, ఉదయం 7:02

ఆ కుర్రాణ్ని నేనే. యాభైకి దగ్గరబడ్డ, రాజు మామకు ఇంకా కుర్రాణ్నే.

ఇంకొకటి చెప్త. శ్మశానం నుంచి వచ్చినంక ఇంట్ల కుక్కలు నాలుగూ మంచం కింద పడుకొని ఉన్నయి, అన్నం ముట్టలే. పాత క్యాసెట్టు ఒకటి దొరికింది, రామనవమి పందిట్ల రికార్డయింది. "హలో, మైక్ టెస్టింగ్, ఒకటి, రెండు, మూడు..." అని ఆయన గొంతు. సూది డబ్బా అన్న చెప్పిన బొమ్మ యాదికొచ్చింది, పెట్టి చూసిన. ఒక్కటి గూడ తల లేపలే. చెవి గూడ కదపలే. నాకే ఏడుపొచ్చి బంద్ చేసిన.

సాయంత్రం మా తమ్ముడు ఆయన టీవీఎస్ ఫిఫ్టీని నీడకు పెడ్తమని స్టార్టు చేసిండు. నాలుగూ ఒక్కసారి ఉరికినయి. బండి చుట్టు తిరిగి, మావాణ్ని వాసన చూసి, మళ్ల లోపలికి పొయినయి.


కృష్ణలంక_కుర్రాడు | బుధవారం, ఉదయం 9:26

వరద సంగతి నేను చెప్పాలి, ఎందుకంటే పడవలో నేనున్నా.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగుకి గండ్లు పడి సింగ్‌నగర్ మునిగింది. (బయటివాళ్లు కృష్ణ వరద అనుకుంటారు. ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన మాట నిజమే, కానీ ఇళ్లలోకి వచ్చింది బుడమేరు నీళ్లు.) మూడో రోజు మేం కుర్రాళ్లం పడవ మీద పాలప్యాకెట్లు పట్టుకుని వెళ్లాం. బాబాయి డాబా మీద ఉన్నారు. ఆయన చుట్టూ అట్టపెట్టెలు, పెట్టెల మీద తలుపు రెక్క, దాని కింద కుక్కలు. రాత్రి నీళ్లు గుమ్మం దాటగానే ముందు కుక్కల్ని, తరవాత ప్లేట్లని, చివర బియ్యం మోశారట. బియ్యానికి వెళ్లేసరికి మునిగిపోయాయి. రండి బాబాయ్ అంటే "నలుగురికీ చోటుంటే వస్తా" అన్నారు. లేదు. "అయితే పాలిచ్చి పొండి" అన్నారు. డ్రోన్లు వేసిన పులిహోర పొట్లాలు వాటితో పంచుకుని అయిదు రోజులు అక్కడే ఉన్నారు.

కింది అరలో ఉన్నవి ఓ రెండొందల ప్లేట్లు బురదలో పోయాయి. వాటి గురించి ఎప్పుడూ మాట్లాడలేదు.

పద్మ గారూ, నిన్న అలా అనకుండా ఉండాల్సింది. సారీ అండీ.


కొత్తసభ్యుడు_22 | బుధవారం, ఉదయం 11:40

ఆ బురద ప్లేట్లు ఇంకా ఉంటే నేను శుభ్రం చేసిపెడతా. సర్జికల్ స్పిరిట్‌తో తుడిస్తే తళతళలాడతాయి. మా నాన్న ఎల్పీలకి అదే వాడతారు.


సూది_డబ్బా | బుధవారం, ఉదయం 11:44

ఆగండి ఆగండి!! ఎల్పీ వేరు (అది ప్లాస్టిక్), 78 వేరు. 78 ప్లేటులో ఉండేది లక్క. వడ్రంగులు లక్కని స్పిరిట్‌లో కరిగించే కదా తలుపులకి పాలిష్ పెట్టేది! తుడిస్తే పాట మీ గుడ్డకి అంటుకుంటుంది, ప్లేటు నున్నగా మిగులుతుంది. మామూలు నీళ్లు, కొంచెం సబ్బు, మెత్తటి గుడ్డ, గాళ్ల వెంబడే తుడవాలి. మధ్యలో కాగితం తడవకూడదు. నీడలో ఆరబెట్టాలి. ఆరాక నిలువుగా పెట్టాలి, ఒకదాని మీద ఒకటి పేరిస్తే పగులుతాయి. ఎండలో పెడితే అప్పడం.


బెజవాడ_బుల్లోడు | బుధవారం, సాయంత్రం 6:10

బాబాయి వాళ్లమ్మాయితో మాట్లాడాను, విశాఖ నుంచి వచ్చి ఉన్నారు. పెద్దకర్మ అయ్యాక ఇల్లు ఖాళీ చేయాలట. ప్లేట్లు అమ్మనంది. ఎక్కడైనా అందరూ వినేలా ఉంచగలిగితే ఇస్తానంది. దానికి చోటు మనం చూడాలి, ఇంకా దొరకలేదు. ముందు లెక్క రాసుకుందాం. ఈ శుక్రవారం సాయంత్రం అందరూ షాపు దగ్గరికి రండి. అట్టపెట్టెలు, పాత పత్రికల కాగితం, మెత్తటి పంచెగుడ్డలు కావాలి.

కుక్కల్లో రెండింటిని డాక్టరమ్మ తీసుకుంటున్నారు. ఒకటి ఖమ్మం వెళ్తోంది. ముసలి వాల్వు (ఇది మూడో వాల్వు) ఆ వీధి వదిలి రాదు. మస్తాన్ మామ గుమ్మంలో పడుకుంటోంది. ఆయనకి కుక్కలంటే పడదని ముప్పై ఏళ్లుగా వింటున్నాం. నిన్న చూస్తే దానికి కుట్టు మిషను కింద గోనెపట్టా వేశాడు.


పాయకాపురం_పద్మ | బుధవారం, రాత్రి 9:03

మా దగ్గర ఫ్రిజ్ కొన్న అట్టపెట్టె, ఇంకో నాలుగు చిన్నవి ఉన్నాయి. మా అబ్బాయి తెస్తానంటున్నాడు. ఇంటరు రెండో ఏడు, బరువులు మొయ్యగలడు. కుక్కలు ఉంటాయా అప్పుడు?


ఖమ్మం_చిన్నోడు | బుధవారం, రాత్రి 9:10

నేను డాబా మీదికి తీస్కపోయి కూచుంట అక్కా. బాబును రమ్మను.